సూర్యలంకలో దొరికిన నీలం పురుగు – ఇది మన సముద్రానిదేనా?

బ్రాడీపేట_4బై14 · ఆదివారం రాత్రి 9:14

అందరికీ నమస్తే. నేను ఎక్కువగా కార్ల థ్రెడ్లలో తిరుగుతుంటాను, ఈ విభాగంలో ఇదే మొదటి పోస్టు. తప్పు చోట పెడితే మోడరేటర్ గారు మార్చేయండి.

కార్తీక మాసం కదా, అమ్మ సముద్ర స్నానం అంటే ఇవాళ తెల్లవారుజామునే గుంటూరులో బయల్దేరి సూర్యలంక వెళ్లాం. తూర్పు గాలి బాగా కొడుతోంది. అలలు వెనక్కి వెళ్లిన తడి ఇసుక మీద నీలం రంగు బొత్తాలు పడి ఉన్నాయి. అచ్చం చొక్కా గుండీలంత, చుట్టూ కుచ్చులు. వాటి మధ్యలో మా అమ్మాయికి (మూడో తరగతి) నీలం సిరా బొట్టు లాంటిది ఒకటి కనపడింది. ఐస్‌క్రీమ్ పుల్లతో ఎత్తి, సగానికి కోసిన వాటర్ బాటిల్లో సముద్రపు నీళ్లు పోసి అందులో వేసింది. అంతే, ఆ బొట్టు విచ్చుకుంది! బల్లి లాంటి ఒళ్లు, సన్నటి తోక, రెండు పక్కలా విసనకర్రల్లా వేళ్లు. మొత్తం ముదురు నీలం, నడుమ తెల్లటి చారలు.

అసలు విషయం ఇప్పుడు. కింది భాగం వెండి రంగులో ఉంది. మా అమ్మాయి "నాన్నా, ఇది తిరగబడింది, పాపం" అని పుల్లతో తిప్పి వెండి వైపు పైకి పెట్టింది. అది మెల్లగా మళ్లీ తిరిగిపోయింది. మళ్లీ తిప్పింది, మళ్లీ తిరిగింది. మూడుసార్లు అయ్యాక పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ "అమ్మాయ్, అది కుడుతుంది, పారెయ్" అని అరిచింది. నాకు టెన్షన్ వచ్చి బాటిల్ని అలా నీళ్లలోకి ఒంపేశాను.

ఫోటోలు పెట్టాను. ఏమిటిది? విషమా? అసలు మన వైపు ఉండేదేనా, ఓడలతో పాటు వచ్చిందా?

బెంజిసర్కిల్_బాబాయ్ · ఆదివారం రాత్రి 9:31

చిన్నప్పుడు మనం ఆడిన వీడియో గేమ్‌లోంచి పారిపోయి వచ్చినట్టుంది. దీన్ని చూశాక రెండో పెగ్గు... సారీ, రెండో కాఫీ మానేశాను.

మిర్చియార్డ్ · ఆదివారం రాత్రి 9:40

అన్నా, చేయి పెట్టలేదు కదా? ఇది నీలి డ్రాగన్. కుడితే 2 నిమిషాల్లో మనిషి ఫట్. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వీడియో వచ్చింది. విదేశాల్లో బీచ్‌లే మూసేశారంట.

బ్రాడీపేట_4బై14 · ఆదివారం రాత్రి 9:43

పుల్లతోనే పట్టుకుంది. కానీ నువ్వు ఇలా రాస్తే మా ఆవిడ ఇవాళ నన్ను నిద్రపోనివ్వదు తమ్ముడూ.

జువాలజీ_మేడం · ఆదివారం రాత్రి 10:22

ముందు మీ ఇంట్లో వాళ్లు నిద్రపోవచ్చు. 2 నిమిషాల్లో చావు అన్నది వాట్సాప్ శాస్త్రం. అలాగని అరచేతిలో పెట్టుకోమని కాదు, ఆ సంగతికి వస్తాను.

ఇది పురుగు కాదు, బల్లి కాదు. నత్త. గుల్ల లేని సముద్రపు నత్త. శాస్త్రీయ నామం గ్లాకస్ అట్లాంటికస్. జనం వాడుకలో నీలి డ్రాగన్. గ్లాకస్ అంటే గ్రీకుల సముద్ర దేవుడు. ముందు ఆయన మామూలు జాలరి, ఏదో ఆకు తిని దేవుడైపోయాడని వాళ్ల కథ. ఆ పేరు పెట్టింది 1777లో ఫార్‌స్టర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త. కెప్టెన్ కుక్ రెండో సముద్రయానంలో ఓడ మీద ఉన్న మనిషి.

మీ అమ్మాయి చూసింది చూడండి, అది నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినా పిల్లల తలకి ఎక్కించలేకపోయిన విషయం. నత్త జాతిని గాస్ట్రోపోడా అంటారు, మన పుస్తకాల్లో ఉదరపాదులు. పొట్ట వైపే పాదం. పెరట్లో వానాకాలం గోడెక్కే నత్తకి ఆ పాదం గోడకి ఆనుకుని ఉంటుంది. ఇది ఉండేది నడి సముద్రంలో, అక్కడ గోడా లేదు, నేలా లేదు. ఉన్నదల్లా నీటి పైపొర. దానికే పాదం ఆనించి కింద నుంచి వేలాడుతుంది. గాలి బుడగ ఒకటి మింగి కడుపులో ఉంచుకుంటుంది, అందుకని మునగదు. అంటే వెల్లకిలా ఉండటమే దాని మామూలు బతుకు. మీరు చూసిన ముదురు నీలం దాని పొట్ట. వెండి రంగు దాని వీపు. పాప దాన్ని "సరిచేసి" బోర్లా వేసిన ప్రతిసారీ అది తన దారికి తిరిగి వచ్చింది.

రంగు కూడా ఊరికే కాదు. పై నుంచి చూసే పక్షికి నీలం పొట్ట నీలం నీళ్లలో కలిసిపోతుంది. కింద నుంచి చూసే చేపకి వెండి వీపు మెరిసే నీటి పైపొరలో కలిసిపోతుంది. చాలా చేపలకి వీపు ముదురు, పొట్ట లేత. దీనికి అంతా తారుమారు, ఎందుకంటే మనిషే తారుమారుగా పడుకున్నాడు.

బ్రాడీపేట_4బై14 · ఆదివారం రాత్రి 10:35

మేడం, ఇది చదివి వినిపించాను. "మరి నేను మూడుసార్లు దాన్ని తలకిందులు చేశానా?" అని ఏడుపు ముఖం పెట్టింది. ఇప్పుడు ఈ పిల్లకి సర్ది చెప్పాలి.

జువాలజీ_మేడం · ఆదివారం రాత్రి 10:41

దానికేం కాలేదని చెప్పండి. అలల్లో రోజుకి ఎన్నిసార్లు బోర్లా పడుతుందో.

నిజాంపట్నం_అల్లుడు · సోమవారం ఉదయం 6:50

ఉండేది విజయవాడ, అత్తగారిది నిజాంపట్నం. మా మామయ్యకి ఫోటో చూపించా. చూసి ఆశ్చర్యపోలేదు. ఈ చలికాలపు తూర్పు గాలికి వలలో నీలంగా ఏదో అంటుకు వస్తుందట. దీనికంటూ ప్రత్యేకం పేరేం చెప్పలేదు, చేతికి మంట పెట్టేవన్నీ ఆయన లెక్కలో ఒకటే. వల దులిపి మళ్లీ పని. కానీ ఒక మాట అన్నాడు: "నీలం గుండీలు వచ్చిన రోజే ఇదీ వస్తుంది, ఉత్త రోజుల్లో కనపడదు." దీనికీ వాటికీ ఏమైనా చుట్టరికమా మేడం?

జువాలజీ_మేడం · సోమవారం ఉదయం 8:05

మీ మామయ్య గారికి నా నమస్కారం చెప్పండి. చుట్టరికం కాదండీ, అవి దీని భోజనం!

నీలం గుండీ పేరు పోర్పిటా. దానికి సోదరి లాంటిది తెరచాప ఉన్న వెలెల్లా. వీటన్నిటికీ పెద్దన్న పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్, నీలం గాలి తిత్తి, కింద మీటర్ల కొద్దీ వేలాడే దారాలు. అన్నీ నీటి పైన తేలేవే, గాలి ఎటు తోస్తే అటు పోయేవే. గ్లాకస్ వాటిని రంపం లాంటి పళ్లతో కొరికి తింటుంది. ఊదా రంగు తేలే నత్త జాంథినా దొరికినా వదలదు. కాబట్టి గాలి ఒడ్డుకి తోసినప్పుడు కంచం, కంచం ముందు కూర్చున్నవాడు కలిసే కొట్టుకొస్తారు.

ఇక కుట్టే సంగతి. దీనికి సొంత విషం లేదు. మ్యాన్ ఆఫ్ వార్ దారాల్లో దంశకణాలు ఉంటాయి, ముట్టుకోగానే పేలే చిన్న చిన్న బాణాలు అనుకోండి. ఇది వాటిని పేలకుండానే మింగి, జీర్ణం చేసుకోకుండా, ఆ విసనకర్రల వేళ్ల కొసల్లో ఉన్న సంచుల్లో దాచుకుంటుంది. అందులోనూ గట్టివి ఏరుకుని దాస్తుంది. అందుకే ఒక్కోసారి అసలు యజమాని కంటే దొంగ గట్టిగా కుడతాడు. ఎంత పదును అన్నది ఈ మధ్య ఏం తిన్నది అన్న దాన్ని బట్టి. చచ్చిపోయి ఇసుకలో ఎండుతున్నదాన్ని తాకినా కుట్టొచ్చు.

బెంజిసర్కిల్_బాబాయ్ · సోమవారం ఉదయం 8:20

పక్కింటి వాడి కత్తి తెచ్చుకుని పక్కింటి వాడి కంటే బాగా తిప్పడం. దీనికి మన రాజకీయాల్లో సీటు గ్యారంటీ.

మోడరేటర్ · సోమవారం ఉదయం 8:26

బాబాయ్ గారూ, రాజకీయాలకి వేరే విభాగం ఉంది.

మిర్చియార్డ్ · సోమవారం ఉదయం 9:02

ఇదిగో కొత్తది వచ్చింది. "ప్రకాశం బ్యారేజీ దగ్గర నీలి డ్రాగన్లు, స్నానాలకు వెళ్లే భక్తులు జాగ్రత్త" అని. నిజమేనా?

జువాలజీ_మేడం · సోమవారం ఉదయం 9:15

బ్యారేజీ దగ్గర ఉన్నవి మంచినీళ్లు నాయనా. ఇది మహాసముద్రపు ప్రాణి. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒడ్డున పడి ఉందంటే నమ్ముతాను. దుర్గా ఘాట్‌లో అంటే నమ్మను. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయకు.

డ్యూటీ_డాక్టర్ · సోమవారం మధ్యాహ్నం 1:48

లంచ్‌లో చూశాను, క్లుప్తంగా రాస్తా. ఇలాంటివి కుడితే మంట, కొరడా దెబ్బ లాంటి చారలు, కొందరికి వికారం, వాంతులు. అలర్జీ ఉన్నవాళ్లకి ఎక్కువ ఇబ్బంది. రుద్దొద్దు. ఇసుకతో అస్సలు రుద్దొద్దు, మనవాళ్లు మొదట చేసేది అదే. సముద్రపు నీళ్లతోనే కడగాలి, బాటిల్లో మంచినీళ్లతో కాదు. అంటుకున్న దారాలుంటే చేత్తో కాకుండా పట్టకారుతో మెల్లగా తీసేయాలి. తర్వాత తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగం ముంచితే నొప్పి తగ్గుతుంది. వెనిగర్ పోయాలా వద్దా అన్న దాని మీద మాలో మాకే ఇంకా తగాదా ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లకండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి.

ఇక నిమ్మకాయ, పసుపు, ఇంకా బాబాయ్ గారు రాయబోయేది, ఏదీ వద్దు.

బెంజిసర్కిల్_బాబాయ్ · సోమవారం మధ్యాహ్నం 1:55

నేనింకా ఏమీ రాయలేదు కదండీ.

కృష్ణలంక_కెమెరా · సోమవారం రాత్రి 8:30

అందరూ గ్లాకస్ అట్లాంటికస్ అని తేల్చేశారు. నాకు ఒక అనుమానం. పురుగుల్నీ నత్తల్నీ దగ్గరగా ఫోటోలు తీయడం నా పిచ్చి, అందుకే అడుగుతున్నా. దీనికి గ్లాకస్ మార్జినేటస్ అని ఒక తమ్ముడు ఉన్నాడు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో వాడు కూడా బాగానే తిరుగుతాడు. రంగు అదే, వేషం అదే. వాట్సాప్‌లో తిరిగే ఫోటోల్లో సగం ఎవరివో ఎవరికీ తెలీదు. పైగా 2014లో జన్యువులు చూసి, మార్జినేటస్ అనుకుంటున్న వాటిలోంచే ఇంకో మూడు కొత్త జాతుల్ని విడదీశారు.

తేడా ఎలా పట్టాలంటే: ఆ వేళ్లు చూడాలి. అట్లాంటికస్‌కి వేళ్లు ఒకే వరసలో, విసనకర్ర విప్పినట్టు ఉంటాయి. మార్జినేటస్‌కి ఒకదాని మీద ఒకటి గుత్తిగా, చీపురు కట్టలా. అట్లాంటికస్ 3 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, తోక పొడుగు. మార్జినేటస్ అందులో సగం కూడా ఉండదు, తోక పొట్టి.

బ్రాడీపేట అన్నా, ఒరిజినల్ ఫోటో ఉందా? ఫోరంలో ఎక్కిస్తే సైజు తగ్గిపోయి వేళ్లు అలుక్కుపోయాయి.

జువాలజీ_మేడం · సోమవారం రాత్రి 8:52

న్యాయమైన ప్రశ్న. నేను చూడగానే పేరు చెప్పేశాను, వేళ్లు లెక్కపెట్టలేదు. క్లాసులో ఎవరైనా ఇలా చేస్తే మార్కులు కోసేదాన్ని.

బ్రాడీపేట_4బై14 · సోమవారం రాత్రి 9:47

ఫోన్లో ఒరిజినల్ ఉంది. టీవీకి పెట్టి ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. సినిమా కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు.

ఒక వైపు మూడు కొమ్మలు, రెండో వైపు మూడు. ముందున్న జత పెద్దది, వెనక్కి వెళ్లే కొద్దీ చిన్నవి. వేళ్లు ఒకే వరస. ముందు కొమ్మకి మా అమ్మాయి 14 లెక్కపెట్టింది, మా అమ్మ 13 అంది, ఇంకా వాదన నడుస్తోంది. మధ్య వేలు పొడుగు, చివరి వేళ్లు పొట్టి. గుత్తి కాదు, ఖచ్చితంగా విసనకర్ర.

సైజుకి: ఐస్‌క్రీమ్ పుల్ల పక్కనే ఉంది ఫోటోలో. అలాంటి పుల్ల ఇంట్లో ఉంటే స్కేలు పెట్టి కొలిచాం, వెడల్పు 1 సెంటీమీటరు. ఫోటోలో పుల్ల వెడల్పుకి రెండున్నర రెట్లు దాని పొడవు. తోక పొడుగే, చివర దారంలా సన్నబడింది.

కృష్ణలంక_కెమెరా · సోమవారం రాత్రి 10:01

ఒక వరస, రెండున్నర సెంటీమీటర్లు, పొడుగు తోక. అట్లాంటికస్సే. మేడం మార్కులు మేడంకే. మొత్తం వేళ్లు 84 దాకా ఉండొచ్చు అంటారు, నానమ్మగారిని మిగతా ఐదు కొమ్మలు కూడా లెక్కపెట్టమనండి.

నిజాంపట్నం_అల్లుడు · సోమవారం రాత్రి 10:20

పేరులో అట్లాంటిక్ ఉంది. ఉన్నది బంగాళాఖాతం. అయితే ఓడ మీద వచ్చిందన్నమాటే కదా?

జువాలజీ_మేడం · మంగళవారం ఉదయం 7:30

కాదు. పేరు పెట్టిన చోటు ఒకటి, బతికే చోటు ఇంకొకటి. గుంటూరు మిర్చి అని పేరుండి ఖమ్మంలో పండటం లేదా?

అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రం, మూడింట్లోనూ వెచ్చని, ఓ మోస్తరు చల్లని నీళ్లు ఉన్నంత మేరా ఇది తేలుతుంది. దక్షిణాఫ్రికా తీరం, మొజాంబిక్, ఆస్ట్రేలియా తూర్పు తీరం, అమెరికాలో టెక్సస్ ఇసుక దిబ్బలు, పెరూ. స్పెయిన్‌లో గ్వార్దమార్ అనే ఊళ్లో 2025 ఆగస్టులో ఇవి కనిపించాయని తాత్కాలికంగా స్నానాలు ఆపేశారు. మిర్చియార్డ్ అబ్బాయికి వచ్చిన వీడియో బహుశా ఆ వార్తకి పుట్టిన పిల్లే.

మన రాష్ట్రం సంగతికొస్తే, ఆంధ్ర తీరంలో ఇది దొరికిందని 2012లోనే ఒక శాస్త్ర పత్రికలో నమోదైంది. కాబట్టి బ్రాడీపేట గారూ, మీ పాప మొదటిది కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా? ఆ తుఫాను తర్వాత చెన్నై బీసెంట్ నగర్ బీచ్‌లో కూడా ఇవి కొట్టుకొచ్చాయి. గాలి ఎటు తోస్తే అటు.

ఒక చిత్రం ఏమిటంటే, ఇన్ని సముద్రాల్లో ఉన్నది ఒకటే జాతి. కానీ జన్యువులు పోల్చి చూస్తే ఆఫ్రికా, ఆసియా, యూరప్ భూభాగం ఒక గోడలా, అమెరికా ఖండాలు ఇంకో గోడలా అడ్డం పడి, అటు వాటికీ ఇటు వాటికీ రాకపోకలు తెగిపోయాయని తేలింది. అది కూడా 2014 మాటే. ఈదుకుంటూ చుట్టి వచ్చేంత ఓపిక దీనికి లేదు. ఆ వేళ్లు కదిపి పక్కనున్న గుండీ దాకా నెమ్మదిగా పాకగలదు, అంతే.

బెంజిసర్కిల్_బాబాయ్ · మంగళవారం ఉదయం 7:44

బీసెంట్ నగర్ అంటే నేను ఒక్క క్షణం మన బీసెంట్ రోడ్డు అనుకుని చెప్పులు వెతుక్కున్నా.

గవర్నర్‌పేట_చేపలతొట్టి · మంగళవారం మధ్యాహ్నం 12:10

ఉప్పునీటి తొట్టి ఉంది నా దగ్గర, హీటర్, ఫిల్టర్ అన్నీ ఉన్నాయి. ఈసారి దొరికితే పారేయకండి, నాకు కబురు చేయండి. పెట్రోలు ఖర్చు ఇస్తా.

కృష్ణలంక_కెమెరా · మంగళవారం మధ్యాహ్నం 12:35

అన్నా, వద్దు. రోజూ దానికి మ్యాన్ ఆఫ్ వార్ ఎక్కడి నుంచి తెస్తావు? పంపు పెడితే ఆ నీటి ఊపుకి పైన తేలలేదు. రెండు పెడితే ఒకదాన్నొకటి తింటాయి, నిజంగానే. ఒకటే పెడితే నువ్వు ఎదురుగా కూర్చుని అది చచ్చిపోవడం చూడాలి.

గవర్నర్‌పేట_చేపలతొట్టి · మంగళవారం మధ్యాహ్నం 12:41

సరే సరే. గుడ్లు పెడుతుందేమో అని ఆశ.

జువాలజీ_మేడం · మంగళవారం మధ్యాహ్నం 3:05

పెడుతుంది. ప్రతి ఒక్కటీ ఆడా మగా రెండూ, జత కట్టాక రెండూ గుడ్లు పెడతాయి. సన్నటి దండల్లా ఉంటాయి, తిని వదిలేసిన వెలెల్లా తెప్పకి కూడా అంటిస్తాయి. భోజనం చేసిన విస్తరి మీదే ఉయ్యాల కట్టినట్టు. మీ తొట్టిలో ఆ విస్తరి ఎక్కడిది?

మిర్చియార్డ్ · మంగళవారం సాయంత్రం 6:20

తెలుగులో దీనికి పేరు లేదా? ప్రతిసారీ డ్రాగన్ అంటుంటే మనకి తెలిసిన జంతువులా అనిపించట్లేదు.

బెంజిసర్కిల్_బాబాయ్ · మంగళవారం సాయంత్రం 6:31

శేషతల్పం మీద పడుకున్నట్టు వెల్లకిలా పడుకుంటుంది, ఒళ్లు నీలం. పేరు నేను చెప్పక్కర్లేదు.

నిజాంపట్నం_అల్లుడు · మంగళవారం సాయంత్రం 6:50

దేవుణ్ని మధ్యలోకి తేవద్దు బాబాయ్. "వెల్లకిలా నత్త" అనుకుందాం. మామయ్యని అడిగితే "పేరెందుకురా, ముట్టుకోకపోతే చాలు" అన్నాడు.

జువాలజీ_మేడం · మంగళవారం సాయంత్రం 7:12

వెల్లకిలా నత్త బాగుంది. నేను ఇంకా పాఠం చెప్తుంటే వాడేసేదాన్ని.

బ్రాడీపేట_4బై14 · శుక్రవారం రాత్రి 8:55

ఒక చిన్న అప్‌డేట్. మా అమ్మాయి స్కూల్లో "నాకు నచ్చిన జంతువు" బొమ్మ వేయమన్నారు. ఇదే వేసింది, నీలం స్కెచ్ పెన్ అయిపోయేదాకా. పైన నీటి గీత, దానికి వేలాడుతూ నీలం పొట్ట, కింద వెండి వీపు. వెండి రంగు లేదని చాక్లెట్ రేకు కోసి అంటించింది. టీచర్ గారు తలకిందులుగా అంటించిందనుకుని బోర్డు మీద తిప్పి పెట్టారట. ఇది వెళ్లి మళ్లీ తిప్పింది. ఆవిడ మళ్లీ తిప్పారట.

సోమవారం నేను స్కూల్‌కి వెళ్లాలి. మేడం, మీ ఆదివారం నాటి పోస్టు ప్రింటు తీసుకెళ్లొచ్చా?

జువాలజీ_మేడం · శుక్రవారం రాత్రి 9:03

తీసుకెళ్లండి. ఫోటో కూడా పెద్దది ప్రింటు తీయించండి, వేళ్లు లెక్కపెట్టేలా.

బెంజిసర్కిల్_బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:10

ఇంతకీ 13 ఆ, 14 ఆ?

బ్రాడీపేట_4బై14 · శుక్రవారం రాత్రి 9:26

అమ్మ కళ్లజోడు మార్చుకుని చూసి 14 అని ఒప్పుకుంది. కానీ ఒకటి చాలా చిన్నదట, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదట.